అమ్మకు, లీడ్స్ నుంచి

అమ్మా,

నాకు నైట్ డ్యూటీ పడినప్పుడల్లా మా ఆయన ఇంట్లో ఒక్కరే ఉంటారని నువ్వు టెన్షన్ పడుతున్నావని నాన్న చెప్పారు. "గొంతు పెగలని మనిషి ఆంబులెన్స్‌ని ఎలా పిలుస్తాడే?" అని అడిగావట. ఫోన్లో హడావుడిగా చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ బ్రిటన్‌లో పోలీసులకైనా, ఆంబులెన్స్‌కైనా, ఫైరింజన్‌కైనా నంబరు 999. మాట్లాడలేనివాళ్ళు, వినపడనివాళ్ళు అదే నంబరుకు మెసేజ్ పెట్టొచ్చు. 2009లో ట్రయల్‌గా మొదలైన సర్వీసు ఇది. కాకపోతే మన నంబరు ముందే నమోదై ఉండాలి. 'రిజిస్టర్' అని 999కి మెసేజ్ పెడితే వివరాలు వస్తాయి. 'యెస్' అని బదులిస్తే, నంబరు నమోదైందని ఇంకో మెసేజ్ వస్తుంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఆయన చేత చేయించాను. ప్రాణం మీదికొచ్చాక ఈ తతంగం పెట్టుకునే తీరిక ఎవరికుంటుంది?

మనం పెట్టిన మెసేజ్‌ని రిలే సర్వీసులో ఉండే మనిషి 999 వాళ్ళకు చదివి వినిపిస్తారు. వాళ్ళడిగేది టైప్ చేసి మనకు పంపుతారు. జవాబుకు మామూలుగా రెండు నిమిషాలు పడుతుంది. మూడు దాటినా రాకపోతే మళ్ళీ పంపాలి. జవాబు వచ్చేదాకా మన మెసేజ్ అందిందని నమ్మడానికి లేదు. ఇంకోటి, మన సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా 999 కాల్ వేరే కంపెనీ సిగ్నల్ మీద వెళ్తుంది. మెసేజ్‌కి ఆ వీలు లేదు. ఇది మాత్రం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది అమ్మా. గొంతున్నవాళ్ళకున్న దారి లేనివాళ్ళకు ఎందుకు ఉండకూడదు?

ఆయన ఫోన్లో ఒక మెసేజ్ ముందే రాసి పెట్టాం: "ఆంబులెన్స్ కావాలి. ఊపిరి ఆడటం లేదు. మాట్లాడలేను. మెడ దగ్గరున్న రంధ్రంతోనే గాలి పీలుస్తాను." కింద ఇంటి నంబరు, వీధి, పోస్ట్‌కోడ్. మెడ మాట ఉండి తీరాలని పట్టుబట్టింది నేనే. స్వరపేటిక మొత్తం తీసేశాక ముక్కుకీ నోటికీ ఊపిరితిత్తులతో సంబంధం ఉండదు. వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ ముఖానికి మాత్రమే ఆక్సిజన్ పెడితే లోపలికి పోదు, మెడ దగ్గర పెట్టాలి. ఊపిరాడని మనిషి ఇదంతా అప్పటికప్పుడు టైప్ చేయగలరా?

పిన్ని కూతురు చదువుకి ఇక్కడికే వస్తోంది కదా. తనకు వినపడదు కాబట్టి, సిమ్ తీసుకున్న రోజే రిజిస్టర్ చేసుకోమని పిన్నికి చెప్పు. తర్వాత నంబరు మారితే కొత్తదాన్నీ చేసుకోవాలి. 2022 జూన్ నుంచి బ్రిటిష్ సంజ్ఞా భాషలో వీడియో కాల్ చేసి 999తో మాట్లాడే ఏర్పాటు కూడా ఉంది. కానీ తనకు వచ్చింది మన దేశపు సంజ్ఞా భాష. ఇక్కడిది నేర్చుకునేదాకా తను మెసేజ్ మీదే ఆధారపడాలి.

ఉంటాను,
నీ అమ్మాయి