120 కిలోలని అమ్మి 76 కిలోల దాగలి పంపారు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

నకిరేకల్ మండలం,
నల్గొండ జిల్లా.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
పాత వర్క్‌షాప్ సామాన్ల విక్రయ విభాగం,
హైదరాబాద్.

విషయం: రీకండిషన్ చేసిందని చెప్పి పాడైన దాగలి అమ్మినందుకు పూర్తి డబ్బు వాపసు ఇవ్వడం, దాగలిని మీ ఖర్చుతో తీసుకుపోవడం గురించి.

అయ్యా,

మాది కమ్మరి కుటుంబం. నేను, మా అన్న కలిసి ఊళ్లో కొలిమి నడుపుతున్నాం. మొన్న ఏప్రిల్‌లో మీ వెబ్‌సైట్‌లో చూసి ఒక పాత ఇంగ్లండ్ దాగలి, అంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప దిమ్మ, కొన్నాం. ‘రీకండిషన్ చేసినది, బరువు 120 కేజీలు, ముఖం టెస్ట్ చేసినది, పగుళ్లు లేవు’ అని మీరే రాశారు. కిలో 450 లెక్కన 54,000 రూపాయలు, పార్సిల్ లారీకి విడిగా 3,200 కట్టాం. వచ్చిన వస్తువు 120 కిలోలు లేదు. టెస్ట్ చేసిన ముఖం కాదు. పగుళ్లు ఉన్నాయి. ఫోన్ చేస్తే ‘పాత సామానుకు గ్యారంటీ ఉండదు’ అని పెట్టేశారు. అందుకే జరిగిందంతా కాగితం మీద పెడుతున్నాను.

ముందు బరువు సంగతి. ట్రాలీ మీంచి దించేటప్పుడే మా అన్నకు అనుమానం వచ్చింది, 120 కిలోల ఇనుము ఇంత సులువుగా దిగదని. రైస్ మిల్లుకు తీసుకుపోయి కాంటా మీద పెట్టిస్తే 76 కిలోల పైన కొద్దిగా చూపించింది. మిల్లు వాళ్లిచ్చిన చీటీ జత చేశాను. మరి మీకు 120 ఎక్కడిది? దాగలి పక్కన, నడుము దగ్గర 1, 2, 0 అని మూడు అంకెలు ఎడంగా కొట్టి ఉన్నాయి. మీ వాళ్లు ఆ మూడింటినీ కలిపి నూట ఇరవై అని చదివి, పక్కన కేజీలు అని రాసేశారు. పాత ఇంగ్లండ్ దాగలి మీది అంకెలను అలా చదవకూడదు. అది హండ్రెడ్‌వెయిట్ తూకం. మొదటి అంకె ఒకటికి 112 పౌండ్లు, రెండో అంకె ఒకటికి అందులో పావు, అంటే 28 పౌండ్లు, మూడోది విడి పౌండ్లు. ఆ లెక్కన 1, 2, 0 అంటే 112, రెండు 28లు, మొత్తం 168 పౌండ్లు. కిలోల్లోకి మారిస్తే 76 చిల్లర. మిల్లు కాంటా చూపించింది కూడా అదే. దాన్ని తయారు చేసినవాళ్లు తూకం సరిగ్గానే కొట్టి పంపారు. దాన్ని అమ్మిన మీరే లేని 44 కిలోలు కలిపారు. కిలో 450 చొప్పున 19,800 రూపాయలు ఊరికే తీసుకున్నట్టు.

ఆ అంకెల లెక్క మీ వాళ్లకు తెలియకపోవచ్చు. కానీ తూకానికి అమ్మే సరుకును ఒక్కసారైనా తూచకుండా ఎట్లా అమ్ముతారు? పాత ఇనుప సామాను కొని అమ్మే గోడౌన్‌లో కాంటా లేదంటే నమ్మమంటారా?

బరువు ఒక్కటే తేడా అయితే ఆ మేరకు డబ్బు అడిగి ఊరుకునేవాళ్లం. అసలు నష్టం పైముఖానికి జరిగింది.

ఆ దాగలి పక్కన పీటర్ రైట్ అన్న పేరు సగం చెరిగి కనబడుతోంది. ఇంగ్లండ్‌లోని డడ్లీలో చేసిన దాగళ్లవి. వాటి దిమ్మ అంతా చేత ఇనుము (రాట్ ఐరన్), మెత్తగా ఉంటుంది. దాని మీద దాదాపు అర అంగుళం మందాన గట్టి ఉక్కు పలకను కొలిమి వేడి మీదే అతికి, పదును పెట్టి, అంటే గట్టిపరిచి, ఉంటారు. దాగలికి ప్రాణం ఆ పలకే. ఏళ్ల తరబడి సమ్మెట దెబ్బలకు కింది మెత్తటి ఇనుము కుంగి, ముఖం నడుమ కొంచెం గుంటపడుతుంది. మీ చేతికి వచ్చినప్పుడు ఈ దాగలి కూడా అలాగే ఉండి ఉంటుంది. అలాగే అమ్మినా బాగుండేది. కానీ ఫొటోలో బల్లపరుపుగా కనబడాలని మిల్లింగ్ మిషన్ మీద పెట్టి ముఖాన్ని చెక్కేశారు. నడుమ గుంట ఉన్న ముఖాన్ని సమం చేయాలంటే ఎత్తుగా ఉన్న చివరలనే కోయాలి. అంటే కొమ్ము (మొనదేలిన చివర) వైపు, మడమ (దానికి ఎదురు చివర) వైపు ఉన్న గట్టి ఉక్కును తీసి పారేశారన్నమాట. మిషన్ గీతలు ముఖం మీద ఇప్పటికీ కనబడుతున్నాయి.

ఇది ఊహించి రాయడం లేదు. పక్కన మీరు వేసిన నల్ల పెయింటును గీకి, ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, నిమ్మరసం పూసి రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే పై ఉక్కు నల్లబడింది, కింది ఇనుము తెల్లగా ఉండిపోయింది. రెండింటి మధ్య గీత స్పష్టంగా తేలింది. నడుమ పలక మందం ఫర్వాలేదు. మడమ దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు మిల్లీమీటర్లే మిగిలింది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశాం, అదీ పంపుతున్నాను.

లారీ బేరింగ్‌లోంచి తీసిన గుండుతో కూడా చూశాం. పది అంగుళాల ఎత్తు నుంచి వదిలితే మంచి ఉక్కు ముఖం మీద అది ఏడెనిమిది అంగుళాలు పైకి లేస్తుంది. మీ దాగలి నడుమ ఆరు అంగుళాల దాకా లేచింది. మడమ వైపు మూడు అంగుళాలు దాటలేదు. అక్కడ సుత్తెతో తట్టినా ఖంగుమనే మోత లేదు, మొద్దు చప్పుడే. టెస్ట్ చేశామని రాశారు కదా, ఆ టెస్ట్ ఏమిటో, ఎవరు చేశారో, ఎంత వచ్చిందో రాసి పంపండి. టేపు, బేరింగ్ గుండు ఉంటే ఎవరైనా నిమిషంలో చూసుకోగలిగే విషయమిది.

ముఖం మెత్తబడితే ఏమవుతుందో మీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. గట్టి ముఖం మీద కొట్టిన సుత్తె తనంతట తాను పైకి లేస్తుంది. మనం దాన్ని దారిలో పెడితే చాలు. మెత్తటి ముఖం దెబ్బను మింగేస్తుంది. కాలిన ఇనుము సాగదు, ప్రతి దెబ్బకూ సుత్తెను భుజం బలంతో ఎత్తుకోవాలి. రెండుసార్లు కాలిస్తే అయ్యే కర్రును నాలుగుసార్లు కాల్చాల్సి వస్తుంది. బొగ్గు అంత ఎక్కువ తగలబడుతుంది. మా అన్నకు యాభై దాటాయి. సాయంత్రమయ్యేసరికి చెయ్యి పైకి ఎత్తలేకపోయేవాడు.

ఇక అంచుల సంగతి. విరిగిన అంచులను మామూలు వెల్డింగ్ రాడ్‌తో నింపి, గ్రైండింగ్ కొట్టి కొత్తవాటిలా చేశారు. ఆ పలక కార్బన్ ఎక్కువున్న ఉక్కు. దాని మీద వెల్డింగ్ పెట్టాలంటే ముందు దాగలిని బాగా వేడెక్కించాలి, గట్టిదనం నిలిచే రాడ్ వాడాలి, తర్వాత నిదానంగా చల్లారనివ్వాలి. చల్లటి ఉక్కు మీద నేరుగా రాడ్ పెడితే వెల్డింగ్‌ను ఆనుకుని ఉన్న పట్టీ గాజులా పెళుసుబారుతుంది. వెల్డింగ్ మాత్రం మెత్తగానే ఉంటుంది. పదునున్న ముఖం మీద ఆకురాయి జారిపోవాలి. మీరు నింపిన అంచు మీద పెడితే పొడి రాలుతోంది. ముఖం మీద పనిముట్లు దిగేసే చదరపు బెజ్జం పక్కన విరిగిన చోట అయితే వెల్డింగ్ కూడా లేదు, లప్పం పెట్టి పెయింట్ వేశారు. మొదటిసారి ఎర్రగా కాలిన ఇనుము పెట్టగానే ఆ లప్పం పొంగి ఊడిపోయింది.

బత్తాయి తోటలో గుంతలు తీసే ఒకాయన గడ్డపార తెచ్చాడు, మొన సాగగొట్టమని. మా అన్న పట్టకారుతో పట్టుకున్నాడు, గడ్డపార తెచ్చినాయన కొడుకు సమ్మెట వేస్తున్నాడు. దెబ్బ అంచు దగ్గర పడగానే వెల్డింగ్ పక్కన ఉన్న పగులు వెంబడి గోరంత పెచ్చు ఎగిరి వచ్చి మా అన్న చెంపను కోసింది. కంటికి రెండు వేళ్ల దూరం. కుట్లు పడ్డాయి. ఆస్పత్రి చీటీ జత చేశాను. ‘పగుళ్లు లేవు’ అన్న మాట రాసేటప్పుడు దాగలి ముందు ఒక మనిషి ముఖం వంచి పని చేస్తాడని ఎవరైనా తలుచుకున్నారా? ఆ పెచ్చు కంట్లో పడి ఉంటే మా కొలిమి ఆ రోజుతో ఆరిపోయేది. అప్పటి నుంచి ఆ దాగలి మీద దెబ్బ వేయలేదు. మూల పెట్టి గోనె కప్పాం.

పాతదంటే అరిగే ఉంటుంది, ఆ మాత్రం మాకు తెలియదా అని మీ ఉద్యోగి అన్నాడు. తెలుసు. మీకంటే బాగా తెలుసు. మా తాత వాడిన చిన్న దాగలి ఇప్పటికీ తుమ్మ మొద్దు మీద ఉంది. దాని అంచులు గుండ్రంగా అరిగాయి, నడుమ వేలు పట్టేంత గుంట ఉంది. అయినా దాని మీద పని నడుస్తుంది. గుండ్రటి అంచు మీద ఇనుము వంచితే మడత దగ్గర కోసుకుపోదు. వంకర తిరిగిన పట్టీని సరిచేయడానికి ఆ గుంటే పనికొస్తుంది. అంచు పెచ్చులూడితే అక్కడ నున్నగా రుద్దుకుని, ఇంకో వైపు వాడుకుంటాం. అది చిన్నది, ట్రాక్టర్ కల్టివేటర్ పారలకు, లారీ కమాన్ పట్టీలకు ఆగడం లేదు కాబట్టే పెద్దది కొన్నాం. అరిగిన దాగలిని అరిగిందనే చెప్పి, తుప్పుతో, గుంటతో, విరిగిన అంచుతో ఉన్నదున్నట్టు అమ్మితే సంతోషంగా కొనేవాళ్లం. పై పలక లేచిపోయిందా, నడుముకు పగులుందా, పదును ఉందా పోయిందా అన్నవే అసలు చూడాల్సినవి. అందులో పదును పోగొట్టింది, పగుళ్లు తెచ్చింది మీ రీకండిషనింగే. ఇంకో యాభై ఏళ్లు పని చేయాల్సిన వస్తువును ఫొటో కోసం పాడుచేశారు. డబ్బు కంటే ఎక్కువగా మాకు ఇదే బాధగా ఉంది. అట్లాంటి దాగలి మళ్లీ ఎవరూ చేయరు.

రోహిణి కార్తె నుంచి మృగశిర దాకా మాకు ఊపిరాడని పని. గుంటక పాసలు, కర్రులు, కొడవళ్లు అన్నీ అప్పుడే వస్తాయి. ఈసారి పెద్ద పనులు వచ్చినవాళ్లను సూర్యాపేటకు పొమ్మని పంపించాం.

మీరు ఫోన్‌లో చెప్పిన మాటలకు జవాబు కూడా రాస్తున్నాను. ‘గ్యారంటీ లేదు’ అన్నది ముందు ముందు పాడయ్యే వస్తువు గురించి చెప్పే మాట. మీరు రాసిన వివరానికీ పంపిన వస్తువుకూ పొంతన లేకపోవడం వేరే సంగతి. వివరం చెప్పి అమ్మిన సరుకు ఆ వివరానికి సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షనే చెబుతోంది. ‘మీరు వాడి విరగ్గొట్టారు’ అన్నారు. 44 కిలోల బరువు మేం వాడితే అరిగిపోయిందా? మిల్లింగ్ మిషన్ మా కొలిమిలో లేదు. ‘మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారు కిందికి రారు’ అని కూడా అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 2(7) సెక్షన్ కింద ఇచ్చిన వివరణ చదవండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేవాడు వినియోగదారే. మా అన్నదమ్ములకు ఈ కొలిమి తప్ప వేరే ఆధారం లేదు.

మాకు కావాల్సింది ఇది. వస్తువు ధర 54,000, పార్సిల్ ఖర్చు 3,200, ఆస్పత్రి బిల్లు మొత్తం వాపసు చేయండి. దాగలిని మీ బండితో, మీ మనుషులతో తీసుకుపోండి. ‘20 వేలు తగ్గించుకుని ఉంచుకోండి’ అన్న బేరానికి మేం ఒప్పుకోం. అది కొలిమిలో ఉంచదగ్గ వస్తువు కాదు. తీసుకుపోయాక దాన్ని మళ్లీ పెయింట్ వేసి ఇంకొకరికి అమ్మకూడదు, ఆ మేరకు మాకు రాసివ్వాలి. మీ సైట్‌లో ఇదే మాటలతో ఇంకా దాగళ్లు కనబడుతున్నాయి. వాటిలో ఒకదాని ఫొటోలో 1, 1, 14 అన్న అంకెలు కనిపిస్తున్నాయి, మీరు 114 కేజీలు అని రాశారు. అది 154 పౌండ్లు, 70 కిలోలు కూడా నిండదు. దేవరకొండ నుంచో కల్వకుర్తి నుంచో మాలాంటివాడే అప్పు చేసి దాన్ని కొనకముందే ఆ ప్రకటన తీసేయండి. ప్రతి దాగలినీ కాంటా మీద తూచి, గుండు వేసి చూసి, చెక్కారా, వెల్డింగ్ పెట్టారా అన్నది రాసి పెట్టండి.

ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ గడువు దాటితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. మేం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. దాగలిని కదిలించకుండా, పెయింట్ గీకిన చోటు అలాగే ఉంచాం. మీ మెకానిక్‌ను పంపితే మా ముందే అన్నీ చూసుకోవచ్చు. కొలిమి పొద్దున ఆరింటి నుంచి తెరిచే ఉంటుంది.

జత చేసినవి: మీ ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, మిల్లు కాంటా చీటీ, ఫొటోలు, గుండు పరీక్ష వీడియో, ఆస్పత్రి చీటీ. ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు కవరు మీద ఉన్నాయి.

ఇట్లు,
కొలిమి యజమానులు, అన్నదమ్ములు,
నకిరేకల్ మండలం, నల్గొండ జిల్లా.