ఇత్తడి ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. రిమోట్‌తో రాళ్ళెక్కించే నీ చిన్న బండికి, అదే క్రాలర్‌కి, ముందూ వెనకా రెండు యాక్సిళ్ళూ పూర్తిగా ఇత్తడివి తెప్పిద్దామనుకుంటున్నానని రాశావు చూడు, అది చదివి అన్నీ పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఇంకా ఆర్డర్ పెట్టలేదు కదా? పెట్టకపోతే ఇది పూర్తిగా చదివేదాకా ఆగు.

బరువు పెరిగితే పట్టు పెరుగుతుందని అందరూ అనేదే. నిజమే, టైరు రాయిని గట్టిగా నొక్కుతుంది. కానీ ఏటవాలు మీద అదే బరువు బండిని కిందికీ లాగుతుంది. రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి కాబట్టి, ఊరికే బరువెక్కించినంత మాత్రాన బండి ఇంకా నిటారు రాయి ఎక్కేయదు. ఆ బరువు ఎంత కింద ఉంది, ఎంత ముందుకు ఉంది అన్నదే అసలు సంగతి.

ఒక లెక్క చెప్తాను, కాగితం మీద వేసి చూడు. 2.7 కిలోల బండి, గురుత్వ కేంద్రం నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకో. యాక్సిల్ మధ్యభాగం 6 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుని అక్కడ 300 గ్రాముల ఇత్తడి వేశావు. గురుత్వ కేంద్రం దిగేది 4 మిల్లీమీటర్లే. అదే టాప్ మీద, 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న 150 గ్రాముల సామాను తీసేస్తే 7 మిల్లీమీటర్లు దిగుతుంది! సగం బరువు, పైసా ఖర్చు లేదు, ఫలితం దాదాపు రెట్టింపు. అందుకే ముందు నీ బండి టాప్ మీదున్న ఆ క్యారియర్, దాని మీద కట్టిన డబ్బాలు, స్పేర్ టైరు విప్పెయ్. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ పక్కవాలు రాయి మీద బండిని దొర్లించేవి అవే. గట్టి ప్లాస్టిక్ బాడీ బదులు లెక్సాన్ అనే తేలికపాటి ప్లాస్టిక్‌తో చేసిన పల్చటి బాడీ వేసినా ఇదే లాభం.

మరి ఇత్తడి దండగా అంటే, కానే కాదు. ఇత్తడి కిందికి దించేది తక్కువే అయినా, ముందుకు జరిపేది చాలా ఎక్కువ. ముందూ వెనకా బరువు సగం సగం ఉన్న ఆ బండికే 300 గ్రాములూ ముందు యాక్సిల్ మీద పడితే ముందు వాటా 55 శాతానికి వస్తుంది. పైన సామాను కూడా తీసేశావనుకో, ఇరుసుల మధ్య దూరం 31 సెంటీమీటర్లున్న బండి 45 డిగ్రీల రాయి ఎక్కుతున్నప్పుడు ముందు టైర్ల మీద ఉండే భారం 18 శాతం నుంచి 26 శాతానికి పెరుగుతుంది. ముందు టైరు రాయి అంచు మీద తేలిపోకుండా, పక్కగోడ మడతపడేలా నొక్కుకుని పైకి లాగడం నువ్వు కళ్ళారా చూస్తావు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. బ్యాటరీని కూడా వెనక నుంచి తీసి ముందుకు, చక్రాలను పక్కకు తిప్పే మోటారు సర్వో దగ్గరికి, వీలైనంత కిందికి మార్చు. చిన్న బ్యాటరీ చాలు.

అలాగని ముందు భాగాన్నే బరువుతో నింపేయకు. దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. ముందు వాటా 65 శాతం దాటిందంటే అదే 45 డిగ్రీల దిగుడులో వెనక టైర్ల మీద మిగిలేది ఆరు శాతం. చిన్న కుదుపుకే వెనక లేచి బండి పల్టీ కొడుతుంది. నా మటుకు 55, 60 మధ్య ఆగడమే మంచిది.

ఇక లోహాల సంగతి. ఇత్తడి అల్యూమినియం కంటే మూడు రెట్లు బరువు, నైలాన్ కంటే ఆరేడు రెట్లు. కానీ యాక్సిల్ అంటే ఒకే వస్తువు కాదు కదా, ఒక్కో భాగానికి ఒక్కో పని ఉంది. గేర్లనీ షాఫ్టుల్నీ లోపల పెట్టుకునే పై గుల్ల, అదే హౌసింగ్, దాని పని వంగకపోవడం. నైలాన్ హౌసింగ్ టైరు ఇరుక్కున్నప్పుడు కొంచెం విచ్చుకుంటుంది. అప్పుడు లోపలి రెండు గేర్లు, క్రౌన్, పినియన్, ఒకదాన్నొకటి వదిలి 'టక్ టక్' మంటాయి, ఆ చప్పుడుతోనే పళ్ళు అరిగిపోతాయి. ఆ చప్పుడు వినబడుతుంటే వెనక అల్యూమినియం వెయ్, షిమ్‌లతో, అంటే పల్చటి రింగులతో, పళ్ళ మధ్య సందు సరిచెయ్. వినబడకపోతే వెనక నైలాన్ అలాగే ఉంచు. రాయి మీద అది జారిపోతుంది, అల్యూమినియం గీసుకుని పట్టేస్తుంది. వెనక ఇత్తడి మాత్రం వద్దే వద్దు, ముందుకు తెచ్చిన బరువును మళ్ళీ వెనక్కి లాగినట్టే.

లోపలి షాఫ్టులు గట్టిపరిచిన ఉక్కువే ఉండాలి, అక్కడ బేరమాడకు. ముందు వాటికి సీవీడీ జాయింట్లు, అంటే వంగుతూ తిరిగే కీళ్ళు, పెట్టు, చక్రం పక్కకు తిప్పినప్పుడు కుదుపు తగ్గుతుంది.

ఇత్తడికి అసలైన చోటు ముందు నకిళ్ళు, అంటే యాక్సిల్ చివర చక్రాన్ని పట్టుకుని పక్కకు తిరిగే ముక్కలు. చక్రం లోపల, అంచున, కింద ఉంటాయి. స్ప్రింగుల కింద ఉండే బరువు కాబట్టి స్ప్రింగుల్ని నొక్కదు, పక్కవాలులో బాడీ ఒరగదు. 2017లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 లాంటి పోర్టల్ యాక్సిల్ (చక్రం దగ్గర అదనపు గేర్లుండే యాక్సిల్) బండికైతే ముందు చక్రాల దగ్గరి పోర్టల్ కవర్లు ఇత్తడివి వేసుకోవచ్చు. పోర్టల్‌లో హౌసింగ్ చక్రం మధ్య కంటే పైన ఉంటుంది. అందుకే అక్కడ హౌసింగ్‌కి ఇత్తడి వేయడం కంటే కవర్లకి వేస్తే బరువు కింద ఉంటుంది.

ఒక జాగ్రత్త. నకిళ్ళు బరువెక్కాయంటే, రెండు రాళ్ళ మధ్య ఇరుక్కున్న టైరుని తిప్పడానికి సర్వో ఇంకా కష్టపడాలి. నీ పాత సర్వో ఇప్పటికే మూలుగుతోందన్నావు కాబట్టి ఇత్తడికంటే ముందు దాని సంగతి చూడు. టైర్లలో ఫోమ్ కూడా కాస్త గట్టిది వెయ్, లేకపోతే ముందు టైర్లు పూర్తిగా చదునైపోతాయి. అల్యూమినియం, ఇత్తడి భాగాల్లోకి దిగే స్టీలు స్క్రూలకి, అవి వదులవకుండా పట్టే జిగురు థ్రెడ్‌లాక్ ఒక చుక్క వెయ్. నైలాన్‌కి మాత్రం వద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్‌ని అది పగలగొడుతుంది.

ముందు వీటిలో ఏదీ కొనకుండానే బండిని తూకం వెయ్. డిజిటల్ త్రాసు మీద ముందు చక్రాలు పెట్టి, వెనక చక్రాలు సరిగ్గా అదే ఎత్తులో పుస్తకాల మీద ఆనించు. తర్వాత తిప్పి వెనకవి వెయ్. బాడీ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి. బ్యాటరీ లోపలే ఉండాలి సుమా. ఆ నాలుగు అంకెలూ, సర్వో మీద రాసి ఉన్న టార్క్ (తిప్పే బలం) విలువా నాకు రాసి పంపు. వాటిని చూశాక ఏ భాగం ఏ లోహంలో కొనాలో ఇద్దరం కూర్చుని తేలుద్దాం.

ఉంటాను మరి,
నీ రఘు