అడగాల్సింది ‘డేటా ఇష్టమా?’ అని కాదు

సంపాదకుల వారికి,

డేటా అక్షరాస్యతపై, అంటే అంకెలు, పట్టికలు, గ్రాఫులు చదివి అర్థం చేసుకోవడంపై, పిల్లల ఆసక్తిని కొలిచే ప్రశ్నావళుల్లో ‘డేటా విశ్లేషణ మీకు ఇష్టమేనా?’ అన్న ప్రశ్న పనికిరాదు. సార్ ఎదురుగా నిలబడి ఉంటే కాదనే పిల్లలెందరు? పైగా ఆ మాట వినగానే ఏడో తరగతి పిల్లలకు గుర్తొచ్చేది దత్తాంశ నిర్వహణ పాఠం, దాని మార్కులు.

అడగాల్సింది పనుల గురించి. ‘కరెంటు బిల్లు వస్తే పోయిన నెల యూనిట్లతో పోల్చి చూస్తాను’, ‘పేపర్లో గ్రాఫ్ కనిపిస్తే ఆగి చదువుతాను’, ‘మ్యాచ్ చూస్తూ రన్‌రేట్ లెక్కేస్తాను’ లాంటి పది పన్నెండు వాక్యాలు చాలు. అన్నీ క్రికెట్ వాక్యాలే పెడితే కొలిచేది క్రికెట్ పిచ్చిని! ‘గ్రాఫులు గీయడం, చదవడం ఇష్టం’ అంటూ రెండు పనుల్ని కలపకూడదు. ‘నచ్చదు’, ‘లేదు’ అనే వాక్యాలకు ‘ఒప్పుకోను’ అని టిక్కు పెట్టడంలో చిన్న పిల్లలు తికమకపడతారు; అవి రాకుండా చూడాలి.

ఆసక్తి, ‘నాకు వచ్చు’ అన్న ధీమా, నిజంగా వచ్చిన నైపుణ్యం మూడూ వేర్వేరు. వీటిని కూడి ఒకే స్కోరు ఇవ్వడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఇష్టముండీ జంకే పిల్లకు కావలసింది సాధన. వచ్చినా విసుగుపడే పిల్లవాడికి కావలసింది మంచి సమస్య. ఒకే స్కోరులో ఈ ఇద్దరూ ఒకలాగే కనిపిస్తారు.

ముందుగా ఐదారుగురితో వాక్యాలు బిగ్గరగా చదివించి, ఏమర్థమైందో చెప్పించాలి. తర్వాత ఒక సెక్షన్లో పరీక్షించి, దాదాపు అందరూ ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ అన్న వాక్యాలను తీసేయాలి. వాటితో ఎవరి మధ్యా తేడా తెలియదు. వాక్యాల మధ్య పొంతనను కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే సంఖ్య 0.7 దాటిందని సంబరపడక్కర్లేదు. ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి అడిగినా అది పెరుగుతుంది. వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయనే అది చెబుతుంది, కొలిచింది ఆసక్తినే అని కాదు.

డేటాపై ఆసక్తి పెంచే వర్క్‌షాప్ పెట్టి, అది ముగిసిన గంటలోనే ఫారాలు పంచితే దొరికేది ఆ పూట హుషారు. కార్యక్రమానికి ముందొకసారి, అయిన నాలుగైదు వారాలకు మరోసారి అడగాలి. పేర్లు వద్దు, అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీలో రోజు, తోబుట్టువుల సంఖ్య కలిపి పిల్లలే కోడ్ రాసుకుంటే రెండు ఫారాలనూ జతచేయవచ్చు. అక్కడక్కడా ఒకే కోడ్ ఇద్దరికి వస్తుంది, ఆ ఫారాలను పక్కన పెట్టాలి. ఫారాలు సేకరించేది క్లాస్ టీచర్ కాకపోతే మేలు.

వీలైతే ఒక ఖాళీ పీరియడ్‌లో మండల వర్షపాతం పట్టిక, పదకేళి, బొమ్మల కాగితం బల్లమీద పెట్టి, నచ్చింది తీసుకోమనండి. ఎవరేం తీసుకున్నారో ఫారంలోని టిక్కులతో పోల్చండి. రెండూ పొసగకపోతే ముందు అనుమానించాల్సింది ప్రశ్నావళిని, పిల్లల్ని కాదు.

— కొందరు గణిత ఉపాధ్యాయులు