గేటు తొమ్మిదికి మూయండి, ఆ మాట మాకు సాయంత్రమే చెప్పండి

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రులకు,

నమస్కారం. శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రిపూట మూసే అడవి గేటు గురించి ఈ ఉత్తరం. నల్లమల అడవి రెండు రాష్ట్రాల్లోనూ ఉంది కాబట్టి మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

పోయిన శ్రావణంలో ఒక శనివారం హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయలుదేరాం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక తన కాళ్ల మీద తాను నడిచి వచ్చి మల్లన్నకు అభిషేకం చేయిస్తానని అత్తమ్మ మొక్కుకుంది. సోమవారం రద్దీ ఎక్కువని ఆదివారం దర్శనానికి ప్లాన్ చేసుకున్నాం. ఒక సత్రంలో గది కూడా బుక్ చేశాం. మధ్యాహ్నం ఒంటి గంటకు కదలాల్సింది, మా ఆయన ఆఫీసు పని తెమలక తుక్కుగూడ దాటేసరికే నాలుగున్నర అయింది. అయినా కంగారు పడలేదు. ఫోన్‌లో మ్యాప్ రాత్రి తొమ్మిదిన్నర కల్లా శ్రీశైలంలో ఉంటామని చూపిస్తోంది, అక్కడ గది ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

కడ్తాల్ దగ్గర టైరు పంక్చర్ అయింది. స్టెప్నీ తీసి చూస్తే అందులో గాలి లేదు. బండి మీద పోతున్న ఒకాయన ఆగి, మా ఆయన్ని, టైరును ఎక్కించుకుని పంక్చర్ షాపుకు తీసుకెళ్లి మళ్లీ తెచ్చి దింపాడు. ఆయనకు మేం రుణపడి ఉంటాం. కానీ గంటకు పైగా పోయింది. ఆమనగల్లు దగ్గర వాన మొదలైంది. కల్వకుర్తిలో బాబు వాంతి చేసుకుంటే ఆపి, బట్టలు మార్చి, అత్తమ్మకు టీ ఇప్పించాం. అప్పటికి ఏడూ నలభై. టీ కొట్టు ఆయన అడిగాడు, "శ్రీశైలమా? గేటు తొమ్మిదికి మూస్తరు. జల్ది పోండ్రి."

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి గుండా బండ్లు వదలరని మాకు తెలిసింది అప్పుడే. బోర్డులు ఉండి ఉండొచ్చు, వానలో, టెన్షన్‌లో మా కళ్లకు ఆనలేదేమో. మాకు మాత్రం తెలియలేదు.

అక్కడి నుంచి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. మా ఆయన నిదానంగా నడిపే మనిషి. ఆ రాత్రి మాత్రం వానలో, చీకట్లో, తొమ్మిదిని అందుకోవాలని తొక్కుతూనే ఉన్నాడు. డిండి దాటాక వెనక లైట్లు లేని ట్రాక్టర్ ఒకటి, దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు. బ్రేక్ వేస్తే కారు పక్కకు జారి ఆగింది. వెనక సీట్లో అత్తమ్మ పాపను గుండెకు అదుముకుని "శివయ్యా" అన్న కేక నా చెవుల్లో ఇంకా ఉంది. మమ్మల్ని దాటుకుంటూ ఇంకో మూడు కార్లు అదే వేగంతో పోయాయి. వాళ్లకూ ఎవరో అదే మాట చెప్పి ఉంటారు.

గేటు దగ్గరికి చేరేసరికి 9 గంటల 20 నిమిషాలు.

అక్కడి సిబ్బంది మాతో మర్యాదగానే మాట్లాడారు. ఒక్క బండి వదిలితే వందా వదలాల్సి వస్తుందన్నారు. అది నిజమే. దయచేసి ఈ ఉత్తరాన్ని గేటు తెరవమనే విన్నపంగా చదవకండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఒక్కటే 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణ అవతల నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వ్ అంతకంటే పెద్దది. పులి, చిరుత, ఎలుగుబంటి తిరిగేది ఎక్కువగా రాత్రి వేళే. హెడ్‌లైట్ కళ్లలో పడితే దుప్పి కదలకుండా నిలబడిపోతుంది. తొమ్మిది గంటలు ఆ రోడ్డు వాటికి వదిలేయడం మనం చేయగలిగిన చిన్న పని. గేటు మూసే ఉంచండి.

కానీ ఆ రాత్రి మేమెలా గడిపామో కూడా వినండి. అచ్చంపేటకు వెనక్కి వెళ్దామంటే మా ఆయన చేతులు వణుకుతున్నాయి, ఇక నడపలేనన్నాడు. అత్తమ్మకు షుగర్, గంటకోసారి బాత్రూమ్‌కు వెళ్లాలి. మోకాళ్ల ఆపరేషన్ అయిన మనిషి చీకట్లో చెట్ల చాటున కూర్చోలేదు. ఆ మాట నోరు తెరిచి ఎవరినీ అడగలేక పాపం చాలాసేపు బిగబట్టుకుని కూర్చుంది. చివరికి చిన్న టిఫిన్ సెంటర్ నడిపే ఒక ఆమె తన ఇంటి వెనక బాత్రూమ్‌కు తీసుకెళ్లింది, డబ్బులిస్తే తీసుకోలేదు. అందరం కారులోనే కూర్చుని పడుకున్నాం. నేను ఏడుస్తుంటే అత్తమ్మే నన్ను ఓదార్చింది, "ఏం గాదు బిడ్డా, మల్లన్న తెల్లారి రమ్మన్నడు."

తెల్లవారి ఇంకో సంగతి చూశాను. మీరు ముఖ్యంగా ఆలోచించాల్సింది ఇదే అనుకుంటున్నాను. ఐదున్నరకే ఇంజన్లు స్టార్ట్ అయ్యాయి. ఆరింటికి గేటు లేవగానే రాత్రంతా నిద్రలేని డ్రైవర్లు ఒకేసారి అడవిలోకి దూసుకుపోయారు. ఇంకా పూర్తిగా వెలుతురు రాలేదు. రోడ్డు అంచున ఒక చుక్కల దుప్పి బెదిరి ఆగిపోయింది, ముందు కారు హారన్ కొట్టుకుంటూ దాని పక్క నుంచే పోయింది. పాప అది చూసి "అమ్మా, దానికి తగిలిందా?" అని దారంతా అడుగుతూనే ఉంది. రాత్రంతా కాపాడిన జంతువును తెల్లవారుజామున ఇలా ప్రమాదంలోకి నెట్టడం ఎందుకు?

దోమలపెంట రాకముందే మళ్లీ ఆగిపోయాం. డ్యామ్ గేట్లు ఎత్తారని చూడ్డానికి ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చాయి. గంటల తరబడి బండ్లు కదల్లేదు. కొండ చేరేసరికి మధ్యాహ్నం దాటింది, వాడుకోని గదికి డబ్బు పోయింది. అభిషేకం టికెట్ సమయమూ దాటిపోయింది. దర్శనం మాత్రం చేసుకుని, మళ్లీ రాత్రి తొమ్మిదిలోపే అడవి దాటాలి కాబట్టి వెంటనే తిరుగు ముఖం పట్టాం. సోమవారం పిల్లలకు బడి ఉంది.

అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ కట్టాలనే ప్రతిపాదన గురించి పేపర్లలో చదువుతున్నాం. అది ఎప్పటికి పూర్తవుతుందో ఎంతమందికి తెలుసు? నేను అడిగేది ఈ నెలలోనే అయ్యే పని. తుక్కుగూడలో, కడ్తాల్‌లో, కల్వకుర్తిలో, అటు మార్కాపురం, ఆత్మకూరు వైపు నుంచి దోర్నాల మీదుగా వచ్చే దారిలో రాత్రిపూట మెరిసే పెద్ద బోర్డులు పెట్టించండి. వాటి మీద గేటు వేళలు మాత్రమే కాదు, "ఈ చోటు దాటేసరికి సాయంత్రం 7 అయితే గేటు అందదు, ఇక్కడే ఆగండి" అని లెక్క కట్టి రాయించండి. లెక్క ముందే తెలిస్తే మేం కల్వకుర్తిలోనే ఒక లాడ్జి చూసుకుని ఆగిపోయేవాళ్లం. ఆ ట్రాక్టర్ వెనక అంత వేగంతో వెళ్లేవాళ్లమే కాదు. శ్రీశైలంలో గది బుక్ చేసుకున్న ప్రతివాళ్ల ఫోన్‌కూ ఈ వేళలు మెసేజ్‌గా వెళ్లేలా దేవాదాయ శాఖతో మాట్లాడండి.

గేటు దగ్గర రాత్రి చిక్కుకున్న ఆడవాళ్లు, ముసలివాళ్లు సిగ్గుపడకుండా వాడుకునే బాత్రూమ్ ఉండాలి. మంచినీళ్లు, లైటు కింద నాలుగు బెంచీలు కూడా కావాలి. ఉదయం ఆరింటికి బండ్లను ఒక్కసారిగా కాకుండా పదేసి చొప్పున, మధ్యలో కొంత వ్యవధి ఇచ్చి వదలమని చెప్పండి.

అత్తమ్మ మొక్కు ఇంకా తీరలేదు. కార్తీకంలో మళ్లీ వెళ్దామంటోంది. ఈసారి తెల్లవారుజామునే బయలుదేరతాం. దారిలో ఆ బోర్డులు వచ్చాయేమో చూసుకుంటూ వెళ్తాను.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఇల్లాలు