మర్రిచెట్టు అర్జీ మీద సంతకం పెట్టే ముందు

చి. అమ్మలుకి,

ఆశీస్సులు. హాస్టల్ వెనక మర్రిచెట్టు నిండా గబ్బిలాలు వేలాడుతున్నాయనీ, ఆ చెట్టు కొట్టించమని అందరూ అర్జీ రాస్తున్నారనీ, సంతకం పెట్టాలా వద్దా అనీ అడిగావు. నా మాట వింటే పెట్టకు. ఎందుకో చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

నక్కలాంటి మూతి, మెడ చుట్టూ బంగారు రంగు బొచ్చు అన్నావు కదా, అవి మన దేశంలోకెల్లా పెద్ద పండు గబ్బిలాలు. శాస్త్రవేత్తలు టెరోపస్ మీడియస్ అంటారు. రెక్కలు చాపితే మీటరుకు పైమాటే. పెద్ద మగది కిలోన్నర దాకా తూగుతుంది. మీ రూమ్మేట్ హడలిపోయిందంటే పోదూ మరి! కానీ వాటికి కళ్లు కనపడవన్నది వట్టి మాట. పాడుబడ్డ గోడల్లో ఉండే చిన్న గబ్బిలాలు తమ అరుపు ప్రతిధ్వనిని బట్టి పురుగుల్ని పడతాయి. వీటికి ఆ విద్య రాదు. ఆ పెద్ద కళ్లతో మసక వెలుతురులో చూసుకుంటూ, వాసన పట్టుకుంటూ పండ్ల దగ్గరికి చేరతాయి.

ఒకసారి మిట్టమధ్యాహ్నం తీరిగ్గా చూడు. ఎండ ముదిరితే రెక్కతో విసురుకుంటాయి, ఒళ్లు నాక్కుని తడి చేసుకుంటాయి. వడగాడ్పులకి అదీ చాలక రాలి చచ్చిపోయేవీ ఉంటాయి, పాపం. వేలాడటం మాత్రం వాటికి కష్టం కాదు. ఒంటి బరువుకే కాళ్ల స్నాయువులు బిగుసుకుని గోళ్లు కొమ్మని పట్టేస్తాయి. ఒంటేలుకి వచ్చినప్పుడు మాత్రం బొటనవేళ్ల గోళ్లతో కొమ్మ పట్టుకుని, తల పైకి పెట్టి నిటారుగా వేలాడతాయి. లేకపోతే మొహం మీదే పడుతుందిగా!

పొద్దున్నే చెట్ల కింద కనిపించే నారముద్దలు వాటి పనే. పండు నమిలి, అంగిలికి అదిమి, రసం మింగి పిప్పి ఉమ్మేస్తాయి. మర్రి, మేడి పండ్ల సన్న గింజలు మాత్రం కడుపులోకి పోయి, కాసేపటికే ఇంకెక్కడో పడి మొలుస్తాయి. తేనె కోసం బూరుగు, ఇప్ప పూలలో మూతి పెట్టి పుప్పొడీ మోస్తాయి. జామతోటల వాళ్లు తిట్టుకుంటారు, వాళ్ల నష్టమూ నిజమే.

ఏడాదికి ఒక్కటే పిల్ల. ఎక్కువగా ఫిబ్రవరి, మే మధ్య పుడతాయి. మొదటి వారాల్లో తల్లి పిల్లని పొట్టకి కరిపించుకునే మేతకి ఎగురుతుంది. ఇంత నెమ్మదిగా పెరిగే జీవికి ఎలుకలతో పోలికేంటి? కానీ 1972 వన్యప్రాణి చట్టం పండ్ల గబ్బిలాలని ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జీవుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో గానీ ఆ జాబితా పోలేదు.

మీ వాళ్ల భయం ఉత్తిదే అనను. ప్రాణం తీయగల నిపా వైరస్ ఈ జాతిలో ఉంటుంది. 2018లో అది బయటపడి కేరళలోని కోజికోడ్‌లో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందిగా. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు మూతి పెట్టిన పచ్చి ఈతరసం తాగినవాళ్లకి సోకింది. అందుకని అవి కొరికిన పండు తినొద్దు, కింద పడిన గబ్బిలం పిల్లని ఉత్తచేతుల్తో ముట్టుకోవద్దు. చెట్టు కొట్టినా అవి మాయమైపోవు, పక్క వీధిలో చెట్టెక్కుతాయి.

ఇక బట్టల మీద మరకలంటావా, బట్టలారేసే ఆ తీగ చెట్టు కింద నుంచి తీయించి మేడ మీద కట్టించమని వార్డెన్ గారిని అడగండి. దానికి అర్జీ రాస్తే మొదటి సంతకం నువ్వే పెట్టు.

అమ్మ