నగదుకు హద్దు పెట్టారు, మా లెక్కల గోప్యతకు హామీ ఏదీ? ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారాలు.

మీరు నర్సాపురం కోడలు. 2014లో తొలిసారి రాజ్యసభకు వెళ్ళింది కూడా ఆంధ్రప్రదేశ్ నుంచే. ఆ చనువుతో ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. గుంటూరులో చిన్న వ్యాపారుల పద్దులు చూసి, రిటర్నులు వేయడం నా వృత్తి. నగదు మీద ఉన్న ఆంక్షలేమిటో వాళ్ళకు విడమరచి చెప్పే పని రోజూ నా మీద పడుతుంది. చట్టంలో ఏముందో చెప్పగలుగుతున్నాను. ఇది న్యాయమేనా అండీ అని అడిగినప్పుడు, కొన్ని చోట్ల నోరు పెగలడం లేదు.

ముందు 2 లక్షల సంగతి. 2017 ఆర్థిక చట్టంతో ఆదాయపు పన్ను చట్టంలోకి 269ఎస్‌టీ సెక్షన్ వచ్చింది. ఒకే మనిషి నుంచి ఒక రోజులో గానీ, ఒక లావాదేవీలో గానీ, ఒక సందర్భానికి సంబంధించి గానీ 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే ఎంత పుచ్చుకున్నారో అంతా జరిమానా కట్టాలి, అదీ తీసుకున్నవాళ్ళే. నల్లధనంపై జస్టిస్ ఎం.బి.షా ఆధ్వర్యంలో పనిచేసిన ప్రత్యేక బృందం సూచించిన హద్దు 3 లక్షలు. ఆ ఏడాది బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ గారు ప్రతిపాదించిందీ 3 లక్షలే. బిల్లు పాసయ్యేనాటికి 2 లక్షలకు దిగింది, ఇక పెరగలేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా మీరు తెచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ హద్దులు మారలేదు. జనానికి తెలిసినవి గనుక పాత నంబర్లే వాడుతున్నాను.

మా మిర్చి యార్డుకు వచ్చే రైతునే తీసుకోండి. క్వింటా 12 వేల చొప్పున 20 క్వింటాళ్ళు అమ్మాడనుకుందాం. 2 లక్షల 40 వేలు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా అయ్యాక ఆ మొత్తం నోట్లుగా చేతికి తీసుకుంటే జరిమానా కూడా 2 లక్షల 40 వేలే. పంట మొత్తం పోయినట్టే. వ్యవసాయ ఆదాయం మీద అసలు పన్నే లేదు కదా, ఎగ్గొట్టడానికి పన్నే లేనివాడికి ఇంత శిక్ష దేనికి? 2017 నవంబరులో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2 లక్షల లోపు అమ్ముకుంటే ఇబ్బంది లేదని చెప్పి అక్కడే ఆగింది. ఖాతాలో వేయించుకోవచ్చుగా అంటారు. సొంత పొలం ఉన్నవాళ్ళు చాలామంది అలాగే చేస్తున్నారు. కౌలురైతు భయం వేరు. డబ్బు పడీ పడగానే పాత బాకీ కింద బ్యాంకు జమ కట్టేసుకుంటే కోత కూలీలకు ఏమివ్వాలి, పురుగుమందుల కొట్టులో ఏం చెప్పాలి?

రెండో హద్దు ఇంకా పాతది. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదనే 269ఎస్‌ఎస్. ఇద్దరివీ వ్యవసాయ ఆదాయాలే అయి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే తప్ప మనుషుల మధ్య చేబదుళ్ళన్నిటికీ వర్తిస్తుంది. ఈ 20 వేల అంకె 1989 నాటిది. అప్పట్లో ఆ డబ్బుకు ఆరు తులాల బంగారం వచ్చేది. ఇవాళ రెండు గ్రాములు కూడా రాదు. పిల్ల కాలేజీ ఫీజుకు ఎదురింటివాళ్ళ దగ్గర 30 వేలు చేబదులు తీసుకుని, రెవెన్యూ స్టాంపు అంటించి ప్రోనోటు మీద సంతకం పెట్టిన మనిషి చట్టం దృష్టిలో మరో 30 వేలు జరిమానా కట్టాల్సినవాడు. కాగితం రాసి, సాక్షిని పెట్టి చేసిన అప్పులో దాచిందేముంది? ఇలాంటి అప్పు అసలు చెల్లనే చెల్లదన్న వాదన చెక్ బౌన్స్ కేసుల్లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 సెప్టెంబరులో కోర్టు దాన్ని తోసిపుచ్చింది గనుక ఇచ్చినవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. తీసుకున్నవాళ్ళ మీద జరిమానా అలాగే ఉంది.

ఆస్పత్రి దగ్గరికి వచ్చేసరికి ఆ 2 లక్షల హద్దు ప్రాణం మీదికి వస్తోంది. ఒక ఆస్పత్రి క్యాష్ కౌంటర్ దగ్గర కళ్ళారా చూశాను. ఒకావిడ గాజులు కుదువ పెట్టి, అన్నదమ్ములు తలా కొంత పోగేసి, చేతిసంచిలో నోట్లు తెచ్చింది. కౌంటర్లో అబ్బాయి బిల్లు చూసి, "అమ్మా, మొత్తం మీద లక్షా తొంభై తొమ్మిది వేల దాకే క్యాష్ తీసుకుంటాం, మిగతాది కార్డో ఫోన్‌పేనో చేయండి" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, తీసుకుంటే జరిమానా ఆస్పత్రికి. కానీ ఆ ఇంటివాళ్ళు తమ డబ్బు తమ సంచిలో ఉండగానే, ఎవరి ఖాతాలో ఎంతుందో చెప్పండి బాబూ అని వార్డు బయట నలుగురినీ అడుక్కుంటూ తిరిగారు. పైగా 2024 మేలో రిజర్వు బ్యాంకు బంగారం తాకట్టు కంపెనీలకు 269ఎస్‌ఎస్‌ను గుర్తుచేసి, 20 వేలకు మించి నగదు ఇవ్వవద్దని చెప్పింది.

ఈ కష్టం మీ శాఖకు తెలియనిది కాదు. కోవిడ్ రెండో ఉధృతిలో, 2021 మే 7న, మీ హయాంలోనే నోటిఫికేషన్ వచ్చింది. రోగిదీ డబ్బు కట్టేవారిదీ పాన్ గానీ ఆధార్ గానీ తీసుకుని, ఇద్దరికీ ఉన్న బంధుత్వం రాసుకుని, ఆస్పత్రులు 2 లక్షలూ ఆపైనా నగదు తీసుకోవచ్చన్నారు. ఏప్రిల్, మే నెలల చెల్లింపులకే ఆ వెసులుబాటు. గుండె ఆపరేషనూ రోడ్డు ప్రమాదమూ ఆ రెండు నెలలతో ఆగిపోలేదు కదా.

నల్లధనం మీద పోరాటానికి నేను వ్యతిరేకిని కాను. స్థలం రిజిస్ట్రేషన్ కాగితం మీద ఒక ధర, చేతులు మారేది ఇంకొక ధర. మా ఊళ్ళలో ఇది అందరికీ తెలిసిన రహస్యమే. ఎన్నికలప్పుడు పంచే డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ గట్టిగా పట్టుకోండి, సంతోషిస్తాం. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావాల్లో చెబితే ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని కోర్టులకు చెప్పింది. కానీ నోటు మీద వేటు వేసినంత మాత్రాన నల్లధనం పోదని 2016 నవంబరు 8 తర్వాత చూశాం. రద్దు చేసిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయని రిజర్వు బ్యాంకే లెక్క చెప్పింది. రద్దుకు ముందు 17.7 లక్షల కోట్లుగా ఉన్న చెలామణి 2024 నాటికి 35 లక్షల కోట్లు దాటింది. అదే కాలంలో యూపీఐ ఊరూరా చేరింది. జనానికి రెండూ కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, కరెంటు లేని ఇళ్ళలో ఫోన్లు ఆరిపోయాక, జేబులో ఉన్న నోటే పాలూ నీళ్ళూ కొనిపెట్టింది.

ఇక అసలు విషయం. నగదును వదిలి ఖాతాలోకి రమ్మంటున్నారు. వస్తే ప్రతి ఖర్చుకూ ఒక ఆనవాలు మిగులుతుంది. ఏ డాక్టరు, ఏ లాయరు, ఏ మందు, ఏ సంఘానికి చందా, అన్నీ. భర్త ఫోన్ నంబరుకు ముడిపెట్టిన ఖాతా ఉన్న ఆడమనిషి, విడాకుల గురించి లాయరును కలిసి ఫీజు కట్టిన నిమిషంలో ఆయన ఫోన్ మోగుతుంది. ఆమె ఏ నేరమూ చేయలేదు. ఆమెకు పోపులడబ్బాలోని నోటు తప్ప వేరే చాటు లేదు.

బ్యాంకులో ఉన్నంత మాత్రాన మన లెక్కల మీద మన హక్కు పోదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఆ కేసు మనదే. 1986లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా సరే బ్యాంకులోకి వెళ్ళి ఖాతాదారుల కాగితాలు తిరగేయవచ్చని రాసుకుంది. కెనరా బ్యాంకు పోరాడింది. హైకోర్టు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు కూడా అది చెల్లదంది. తర్వాత 2017 ఆగస్టు 24న, జస్టిస్ పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు.

ఈ తీర్పులకు తగ్గ చట్టం మాత్రం రాలేదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 247వ సెక్షన్ కింద సోదాకు వచ్చిన అధికారి ఈమెయిల్, సోషల్ మీడియా, ఆన్‌లైన్ బ్యాంకు ఖాతాల దాకా పాస్‌వర్డ్‌ను దాటుకుని వెళ్ళవచ్చు. దీనికి జడ్జి వారెంటు అక్కర్లేదు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ ప్రకారం కేంద్రం దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థను దాని పరిధి నుంచి తప్పించవచ్చు.

2017 ఆర్థిక చట్టాన్ని మళ్ళీ ఒకసారి తెరవమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. రైతు చేతి నగదుకు హద్దు పెట్టింది ఆ చట్టమే. సోదాకు కారణమేమిటో ఎవరికీ, ట్రిబ్యునల్‌కు కూడా చెప్పనక్కర్లేదన్నదీ అదే. పార్టీలకు ఎవరు ఎంత ఇచ్చారో జనానికి తెలియకుండా ఎన్నికల బాండ్లకు దారి వేసిందీ అదే. బాండ్ల కేసులో ప్రభుత్వం దాతల గోప్యత కోసం సుప్రీంకోర్టులో వాదించింది. 2024 ఫిబ్రవరి 15న ఆ బాండ్లు కొట్టేశారు. కంపెనీల చందాలకు అక్కరకొచ్చిన ఆ గోప్యత, లాయరు ఫీజు కట్టిన ఇల్లాలికి ఎందుకు అక్కరకు రాకూడదు?

నమ్మకం లేకపోతే ఏమవుతుందో 2025 జులైలో బెంగళూరు చూపించింది. యూపీఐ జమలను పట్టుకుని కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు వేలల్లో నోటీసులిచ్చింది. పన్నే లేని కూరగాయలూ పాలూ అమ్మేవాళ్ళు కూడా అందులో ఉన్నారు. దుకాణాల ముందు క్యూఆర్ కోడ్ తీసేసి, క్యాష్ మాత్రమే అని బోర్డులు పెట్టారు. పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సివచ్చింది. అది రాష్ట్ర శాఖ చేసిన పని, నిజమే. కానీ జీఎస్టీ మండలికి అధ్యక్షురాలు మీరే. ఆ నెలలో గుంటూరులో నా దగ్గరికి వచ్చిన కిరాణా వ్యాపారులు అడిగిందీ ఒకటే: "మేం కూడా కోడ్ పీకేద్దామా?"

అందుకే అడుగుతున్నాను. 2 లక్షలు, 20 వేలు అన్న అంకెలను ధరల సూచీకి ముడిపెట్టండి. సొంత పంట అమ్ముకున్న రైతును, కౌలుదారుతో సహా, 269ఎస్‌టీ నుంచి తప్పించండి. మొత్తానికి మొత్తం లాక్కునే జరిమానాను, పన్ను ఎగవేత ఉందని తేలినచోటే వేయండి. బ్యాంకు, యూపీఐ వివరాలు చూడాలంటే న్యాయాధికారి అనుమతి ఉండాలనీ, చూసినట్టు ఖాతాదారుకు గడువులోగా తెలియజేయాలనీ చట్టం చేయండి. దీనికి పార్లమెంటు కావాలి, కాలం పడుతుందని తెలుసు.

ఆస్పత్రుల మినహాయింపుకు మాత్రం అంత దూరం వెళ్ళనక్కర్లేదు. 2021లో వాడిన నోటిఫికేషన్ నమూనా మీ శాఖలోనే ఉంది. గడువు తేదీ తీసేసి, ఈ నెలలోనే మళ్ళీ జారీ చేయండి.

భవదీయుడు,
ఒక అకౌంటెంటు, గుంటూరు