బడ్జెట్ చెప్పకుండా కలెక్షన్లు చెబితే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆడవాళ్లు ప్రధాన పాత్రలో ఉన్న సినిమాలు ఆడవన్న మాట సినిమా వ్యాపారంలో ఇంకా వినిపిస్తూనే ఉంది. రుజువుగా చూపేది మొత్తం కలెక్షన్. పొరపాటంతా అక్కడే. తక్కువ డబ్బుతో తీసి, తక్కువ థియేటర్లలో వేసి, పబ్లిసిటీకి చెయ్యి బిగబట్టిన సినిమాకి వసూళ్లు తక్కువే వస్తాయి. ఆ తక్కువనే చూపించి తర్వాతి సినిమా బడ్జెట్‌లో ఇంకాస్త కోస్తారు. చూడాల్సింది పెట్టిన రూపాయికి ఎంత తిరిగొచ్చిందని.

అమెరికాలో ఫైవ్‌థర్టీఎయిట్ అనే వెబ్‌సైట్ 2014లో ఈ లెక్కే వేసింది. 1990 నుంచి 2013 దాకా వచ్చిన 1,615 సినిమాలకు, తెరమీద ఆడవాళ్లకు చోటుందో లేదో చూసే బెక్‌డెల్ పరీక్ష పెట్టింది. నెగ్గినవాటికి దొరికిన బడ్జెట్ తక్కువ. పెట్టుబడి మీద రాబడిలో మాత్రం అవి ఏమీ వెనకబడలేదు.

కార్టూనిస్టు అలిసన్ బెక్‌డెల్ 1985లో తన కామిక్ స్ట్రిప్‌లో పెట్టిన నియమమిది: సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకూడదు. ఇది చాలా చిన్న గీత. ఒక్క డైలాగుతో దాటేయొచ్చు. హాలీవుడ్ నటి సాండ్రా బుల్లక్ ఆసాంతం భుజాన మోసిన 'గ్రావిటీ' మాత్రం దాటలేదు, అందులో ఆమెతో మాట్లాడే మరో ఆడమనిషే లేదు కాబట్టి.

అందుకే స్క్రిప్టు దశలోనే ఇంకో లెక్క వేయాలి. కథ మలుపు తిరిగే సీన్లు విడిగా తీసి, ఆ మలుపు ఎవరి నిర్ణయం వల్ల వచ్చిందో పక్కన రాసుకోవాలి. ఉదాహరణకి, ఇంటర్వెల్‌కి ముందు హీరోయిన్ కష్టపడి ఒక ఫైలు సంపాదిస్తుంది. తర్వాతి సీన్లో ఆ ఫైలు హీరో చేతిలో ఉంటుంది, ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. డైలాగులు లెక్కపెడితే ఆమెకు బోలెడు మార్కులు పడతాయి. కథలో ఆమె పని అక్కడితో సరి.

ఇక రాబడి పోల్చేటప్పుడు దాదాపు ఒకే బడ్జెట్, ఒకే థియేటర్ల సంఖ్య, ఒకే సీజన్ ఉన్న సినిమాలనే పక్కపక్కన పెట్టాలి. సగటు కాదు, వరసలో సరిగ్గా మధ్యనున్న అంకె తీసుకోవాలి. 2023లో 'బార్బీ' 140 కోట్ల డాలర్లు దాటి ఆ ఏడాది ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. నా వాదనకు ఎంత అనుకూలమైనా, అలాంటిదొక్కటి చాలు సగటు తారుమారు కావడానికి.

మీ సినిమా పేజీలో కలెక్షన్లు వేసినప్పుడల్లా బడ్జెట్, థియేటర్ల సంఖ్య కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు